కంప్యూటరు రిపేరులో తప్పు నిర్ధారణ: నష్టపరిహారం అడగడం ఎలా?



మన ట్రస్టు నుండి స్కాలర్‌షిప్ పొందే పిల్లలలో కాలేజీ చదువుతున్నవారికి నేడు కంప్యూటరు పాఠ్యపుస్తకంతో సమానమైన వస్తువు. ప్రాజెక్టు రిపోర్టు, మార్కుల పట్టీల నకళ్ళు, స్కాలర్‌షిప్ రెన్యూవల్ కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. అది చెడిపోయినప్పుడు దగ్గరలోని అంగడికి తీసుకుపోతాము. అక్కడివారు "మదర్‌బోర్డు పోయింది" అంటే నమ్ముతాము, అడిగినంత ఇస్తాము. ఆ తరువాత అసలు చెడిపోయింది మదర్‌బోర్డు కాదని తెలిస్తే ఏమి చేయాలి? పోయిన డబ్బు తిరిగి వస్తుందా? ఎవరిని అడగాలి, ఎంత అడగాలి?

ఈ ప్రశ్నలు గత కొన్నేళ్ళలో మన ఆఫీసుకు వచ్చిన తల్లిదండ్రులు పలుమార్లు అడిగారు. కామర్సు చదివి, బ్యాంకులో గుమాస్తాగా పని చేసి రిటైరైన నాకు చట్టం వృత్తి కాదు. అయితే రసీదు, వోచరు, గడువు తేదీ అన్న మూడింటితో జీవితమంతా గడిపినవాణ్ణి. ఈ విషయంలో ముఖ్యంగా కావలసినవి కూడా ఆ మూడే. కాబట్టి నాకు తెలిసినంత వరకు వివరంగా వ్రాస్తున్నాను.

తప్పు నిర్ధారణ అంటే ఏమిటి?

మన పెద్దలు "గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు" అంటారు. కంప్యూటరు రిపేరులో జరిగే తప్పు నిర్ధారణ చాలావరకు ఇదే. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, తెర మీద బొమ్మ రాదు. దీనికి కారణాలు అనేకం. ర్యామ్ అనే మెమరీ ముక్క తన గాడిలో సరిగా కూర్చోకపోవచ్చు. దాని అంచుకు మురికి పట్టి ఉండవచ్చు. తెరకు వెళ్ళే కేబులు వదులై ఉండవచ్చు. తెరే చెడి ఉండవచ్చు. అన్నిటికన్నా ఖరీదైన కారణం మదర్‌బోర్డు చెడిపోవడం.

పని తెలిసిన మెకానిక్ చౌకైన కారణంతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోతాడు. ర్యామ్ తీసి శుభ్రం చేసి మళ్ళీ పెడతాడు. మంచిదని తెలిసిన మరో ర్యామ్ పెట్టి చూస్తాడు. బయటి మానిటరు తగిలించి అందులో బొమ్మ వస్తుందేమో చూస్తాడు. ఆన్ చేసినప్పుడు వచ్చే బీప్ శబ్దాలను, లైట్ల మినుకును లెక్కపెడతాడు. చాలా కంపెనీల యంత్రాలలో ఆ లెక్కకు ఒక అర్థం ఉంటుంది. ఇవన్నీ అయిన తరువాతే మదర్‌బోర్డు మాట ఎత్తాలి.

కోయంబత్తూరు వారికి ఈ పద్ధతి కొత్తది కాదు. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు గారు యువకుడుగా ఉన్నప్పుడు ఒక మోటారు సైకిలు కొని, దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారని మన ఇళ్ళలో చెప్పుకుంటాము. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో ఆయన సర్వీసు ప్రారంభించారు. మిల్లులు, మోటారు పంపులు పెరిగిన ఈ ఊరిలో వైండింగు అంగడివాళ్ళు కాలిపోయిన తీగను రైతు చేతిలో పెట్టి "ఇదిగో, ఇది పోయింది" అని చూపేవారు. తీసివేసిన భాగాన్ని చూపడం, తిరిగి ఇవ్వడం ఆ వృత్తిలోని మర్యాద. కంప్యూటరు అంగడిలో కూడా మనం ఆ మర్యాదను అడగవచ్చు.

జరిగిన ఒక సంగతి

2023లో జరిగినది చెబుతాను. పేర్లు వ్రాయడం లేదు. సూలూరు వైపు నుండి వచ్చే మన స్కాలర్‌షిప్ విద్యార్థిని ఒకమ్మాయి, బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్స్ చివరి సంవత్సరం. తండ్రి మిల్లులో ఫిట్టరు. జూన్ నెలలో ల్యాప్‌టాప్ తెర నల్లబడింది. నగరంలో ఒక అంగడిలో ఇచ్చారు. మదర్‌బోర్డు మార్చాలని చెప్పి 9,800 రూపాయలు తీసుకున్నారు. మూడు వారాల తరువాత యంత్రం చేతికి వచ్చింది. అందులోని ఫైళ్ళన్నీ చెరిగిపోయి ఉన్నాయి. "ఫార్మాట్ చేయక తప్పలేదు" అన్నారు. ఐదు రోజులకు మళ్ళీ తెర నల్లబడింది.

రెండవ అంగడిలో చిన్న కుర్రవాడు వెనుక మూత విప్పి, ర్యామ్ తీసి, అంచును రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. యంత్రం నడిచింది. 350 రూపాయలు తీసుకున్నాడు. అతడే ఇంకో మాట కూడా చెప్పాడు. ల్యాప్‌టాప్ అడుగున అంటించిన సీరియల్ నంబరు, లోపల బయోస్ తెరలో కనిపించే సీరియల్ నంబరు రెండూ ఒకటిగానే ఉన్నాయట. బోర్డు మార్చినప్పుడు మళ్ళీ ప్రత్యేకంగా ఎక్కిస్తే తప్ప ఆ నంబరు సాధారణంగా ఖాళీగానో వేరుగానో ఉంటుంది. దీనితోనే బోర్డు మార్చలేదని తేల్చలేము. కాని అడగవలసిన ప్రశ్న ఒకటి పుట్టింది. మొదటి అంగడి బిల్లులో కొత్త బోర్డు నంబరు లేదు, పాత బోర్డు తిరిగి ఇవ్వనూ లేదు.

ఆ అమ్మాయి తండ్రి నాతో అన్న మాట చాలామంది అనే మాటే: "పోయింది పోయిందన్నా. అంగడివాళ్ళతో మనకెందుకు జగడం?" అమ్మాయి మాత్రం, "తాతా, రెండు నెలల ప్రాజెక్టు పోయింది. వాళ్ళు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ముందే కాపీ తీసుకునేదాన్ని కదా" అంది. ఆమె చెప్పినదే ఫిర్యాదులో బలమైన అంశం అయింది. ఎందుకో కింద చూడండి.

చట్టం ఏమంటుంది?

వినియోగదారుల రక్షణకు మన దేశంలో మొదటి చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుండి అమలులోకి వచ్చింది. మన విషయానికి కావలసిన అంశాలు ఇవి.

1. ఎవరు వినియోగదారు: డబ్బు ఇచ్చి, లేదా ఇస్తానని ఒప్పుకొని సేవ పొందినవారు. వారి అనుమతితో ఆ సేవను అనుభవించేవారు కూడా వినియోగదారులే. తండ్రి డబ్బు కట్టి కూతురి ల్యాప్‌టాప్ బాగు చేయిస్తే ఇద్దరికీ ఈ హక్కు ఉంది. పిల్ల మైనరు అయితే తల్లి గాని, తండ్రి గాని, చట్టబద్ధమైన సంరక్షకుడు గాని ఫిర్యాదు చేయవచ్చు.

2. ఉచితంగా వచ్చిన ల్యాప్‌టాప్: తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకం ప్రారంభించింది. అలా వచ్చిన యంత్రాన్ని రిపేరుకు ఇచ్చినవారు "కొన్నది కాదు కదా, అడగవచ్చా?" అని సందేహిస్తారు. యంత్రం ఉచితమైనా రిపేరుకు మీరు డబ్బు ఇచ్చారు. ఫిర్యాదు రిపేరు సేవ మీద. కాబట్టి అడగవచ్చు.

3. సొంత పనికి వాడే కంప్యూటరు: వ్యాపార ప్రయోజనానికి పొందిన సేవ ఈ చట్టం కిందికి రాదు. కాని పొట్టకూటి కోసం తానే స్వయంగా చేసుకునే పనికి వాడుకుంటే వస్తుంది. ఇంట్లో కూర్చుని లెక్కలు వ్రాసిపెట్టే తల్లి, చిన్న డి.టి.పి. పని చేసుకునే అన్న ఇద్దరూ ఫిర్యాదు చేయవచ్చు.

4. సేవాలోపం: పని జరిగిన తీరులోని తప్పు, కొరత, అసంపూర్ణత సేవాలోపం. నష్టం కలిగించిన నిర్లక్ష్యం, తెలియజేయవలసిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా ఇందులో చేరుతాయి. ఫైళ్ళు చెరిగిపోతాయని ముందుగా చెప్పకపోవడం ఇక్కడ ప్రశ్న అవుతుంది.

5. అక్రమ వ్యాపార పద్ధతి: చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. "బిల్లు కావాలంటే ఎక్కువ అవుతుంది" అనే మాటకు తల వంచవద్దు.

తప్పు చెప్పిన ప్రతివారూ దోషులేనా?

కాదు. ఈ భేదం తెలియకుండా ఫిర్యాదు వ్రాస్తే నిలవదు. తగిన పరీక్షలన్నీ చేసి, నిజాయితీగా ఒక అభిప్రాయానికి వచ్చి, అది తప్పయితే దాన్ని నిర్లక్ష్యం అనలేము. వైద్యుల విషయంలో సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో ఈ మాటే చెప్పింది. నిర్ణయంలో పొరపాటు వేరు, మామూలు నైపుణ్యం గలవారు చూపే శ్రద్ధ చూపకపోవడం వేరు. కంప్యూటరు మెకానిక్‌కు కూడా ఇదే కొలత పెట్టి చూడవచ్చు. ర్యామ్ తీసి చూడకుండానే, మరో మానిటరు తగిలించకుండానే మదర్‌బోర్డు పోయిందని చెప్పాడా? అలాగైతే శ్రద్ధ లోపించింది. అన్నీ చూశాడు, అప్పటికి లోపం అలాగే కనిపించింది అంటే ఆలోచించవలసినదే. మన పిల్లలలోనూ ఈ వృత్తిలో ఉన్నవారు ఉన్నారు. వారికి అన్యాయం జరగకూడదు.

"మరి శ్రద్ధ చూపలేదని నిరూపించడానికి పెద్ద ఇంజనీరును సాక్షిగా తేవాలా?" అని అడుగుతారు. దీనికి హైదరాబాదు నుండి వెళ్ళిన ఒక కేసు దారి చూపింది. వి. కిషన్ రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ అనే కేసు అది. 2002 జులైలో చలితో కూడిన జ్వరంతో ఆస్పత్రిలో చేరిన భార్యకు మలేరియా ఉండగా టైఫాయిడ్‌కు చికిత్స చేశారని భర్త ఫిర్యాదు చేశారు. ఆమె మరణించారు. జిల్లా ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం, 10,000 రూపాయల వాపసు ఇమ్మంది. నిపుణుల సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టివేసింది. జాతీయ కమిషన్ కూడా అదే అంది. చివరకు 2010 మార్చి 8న సుప్రీంకోర్టు, ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం తప్పనిసరి కాదని, సంగతులే స్పష్టంగా మాట్లాడే చోట అది అవసరం లేదని చెప్పి జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది.

ప్రాణం పోయిన కేసును ల్యాప్‌టాప్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు. సూత్రం మాత్రం ఉపయోగపడుతుంది. బోర్డు మార్చామని 9,800 తీసుకున్న చోట, ర్యామ్ తుడిస్తే యంత్రం నడిచిందని రెండవ అంగడి రాసిచ్చిన చీటీ ఉంటే, సంగతులు కొంతవరకు వాటంతట అవే మాట్లాడతాయి. చిక్కైన లోపమైతే ఆ కంపెనీ అధీకృత సర్వీసు సెంటరు నుండి గాని, పాలిటెక్నిక్‌లో హార్డ్‌వేర్ చెప్పే లెక్చరరు నుండి గాని రాతపూర్వక అభిప్రాయం తీసుకోవడం మంచిది.

ఎంత అడగాలి?

కోపం వచ్చినప్పుడు లక్ష అడుగుదామనిపిస్తుంది. అలా అడగవద్దు. ప్రతి రూపాయికీ ఒక కారణం, ఒక కాగితం ఉండాలి. ఆ అమ్మాయి ఫిర్యాదులో వేసిన లెక్క ఇది.

మొదటి అంగడికి కట్టినది: 9,800
రెండవ అంగడికి కట్టినది: 350
మూడు వారాలకు అద్దెకు తీసుకున్న కంప్యూటరు: 1,500
బస్సు చార్జీలు: 240
మొత్తం చేతి ఖర్చు: 11,890
మనోవేదనకు: 5,000
ఫిర్యాదు ఖర్చులకు: 2,000
అడిగిన మొత్తం: 18,890 రూపాయలు

మనోవేదనకు పరిహారం అడగవచ్చా అన్న సందేహం వద్దు. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు వినియోగదారుడు పడిన వేధింపుకు, బాధకు కూడా పరిహారం ఇవ్వవచ్చని చెప్పింది.

పరోక్ష నష్టం సంగతి వేరు. "ఈ ప్రాజెక్టు పోయినందువల్ల ఉద్యోగం రాలేదు, దాని జీతం ఇవ్వాలి" అంటే నిలవడం కష్టం. కామర్సు విద్యార్థులకు ఇక్కడ ఒక పాత పాఠం గుర్తు చేస్తాను. 1854లో ఇంగ్లండులో హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ అనే కేసు. గ్లాస్టర్ పట్టణంలో ఒక పిండిమిల్లు షాఫ్టు విరిగింది. కొత్తది చేయించడానికి నమూనాగా దాన్ని గ్రీనిచ్‌కు పంపారు. రవాణాదారు ఆలస్యం చేశాడు. అన్ని రోజులూ మిల్లు ఆగింది. ఆ రోజుల లాభం అడిగితే కోర్టు ఇవ్వనన్నది. షాఫ్టు రాకపోతే మిల్లే ఆగిపోతుందన్న ప్రత్యేక పరిస్థితిని రవాణాదారుకు తెలియజేసినట్లు లేదు అన్నది కారణం. మన కాంట్రాక్టు చట్టం, 1872లోని 73వ సెక్షన్ కూడా ఈ సూత్రాన్నే చెబుతుంది. సహజంగా కలిగే నష్టం, ఒప్పందం నాడే ఇరువురికీ తెలిసిన నష్టం అడగవచ్చు. దూరపు నష్టం అడగరాదు.

దీనివల్ల విద్యార్థికి తేలే పని ఒకటి ఉంది. యంత్రం ఇచ్చే రోజునే "ఇందులో నా ప్రాజెక్టు ఉంది. 15వ తేదీలోగా కాలేజీలో ఇవ్వాలి. నన్ను అడగకుండా ఏదీ చెరపవద్దు" అని జాబ్ కార్డు మీద వ్రాయించాలి. లేదా ఆ అంగడి వాట్సాప్‌కు పంపాలి. అప్పుడు ఆ నష్టం వారికి ముందే తెలిసిన నష్టం అవుతుంది.

అడిగే క్రమం

"అడగందే అమ్మయినా పెట్టదు" అన్నారు. అయితే అడగడానికి ఒక వరుస ఉంది.

మొదటి మెట్టు, సాక్ష్యం. రెండవ అంగడిలో విప్పే ముందు, విప్పిన తరువాత ఫోటోలు తీయండి. ఏమి లోపం, ఏమి చేశారు అన్నది తేదీతో, సంతకంతో వ్రాయించుకోండి. వాట్సాప్ మాటలను చెరపవద్దు. ఫోనులో చెల్లించిన డబ్బుకు లావాదేవీ నంబరు ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ పంక్తి సాక్ష్యమే. బిల్లు లేకపోయినా ఇది పనికి వస్తుంది.

రెండవ మెట్టు, ఉత్తరం. అంగడి యజమానికి ఒక పేజీకి మించకుండా, మర్యాదగా వ్రాయండి. ఇచ్చిన తేదీ, చెప్పిన లోపం, కట్టిన సొమ్ము, తరువాత తెలిసినది, మీరు కోరేది, 15 రోజుల గడువు ఇవ్వండి. పాత బోర్డు, కొత్త బోర్డు నంబరు అడగండి. పంపిన రుజువు ఉండాలి. పూర్వం దీనికి రిజిస్టర్డ్ పోస్టు వాడేవాళ్ళం. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసింది. కాబట్టి స్పీడ్ పోస్టులో అందిన రుజువు అడిగి పంపండి, రసీదు దాచుకోండి.

మూడవ మెట్టు, 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. తెలుగులోనూ, తమిళంలోనూ మాట్లాడవచ్చు. వారు ఫిర్యాదును నమోదు చేసి నంబరు ఇస్తారు, ఎదుటివారికి పంపి రాజీకి ప్రయత్నిస్తారు. తీర్పు ఇచ్చే అధికారం వారికి లేదు. చాలా తగాదాలు ఇక్కడే తీరవచ్చు, తీరకపోయినా మీరు ప్రయత్నించారనడానికి ఒక నంబరు మిగులుతుంది.

నాలుగవ మెట్టు, జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. మనం వాడుకలో కన్స్యూమర్ కోర్టు అంటాము. కోయంబత్తూరులోనూ, మధురైలోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. 2021 డిసెంబరు చివరలో వచ్చిన నియమాల ప్రకారం, చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు ఉన్న ఫిర్యాదులు జిల్లా కమిషన్‌కు వెళ్తాయి. 5 లక్షల వరకు ఫీజు ఏమీ లేదు. ఈ మాట ఎంతమందికి చెప్పినా నమ్మరు. మళ్ళీ చెబుతున్నాను, ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. స్వయంగా వాదించుకోవచ్చు.

2019 చట్టంలో వచ్చిన గొప్ప సౌకర్యం ఇంకొకటి ఉంది. ఫిర్యాదు చేసేవారు తాము నివసించే లేదా పని చేసే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. కోయంబత్తూరు హాస్టలులో ఉండి చదివేటప్పుడు అక్కడ రిపేరు చేయించి, ఇప్పుడు మధురైలో ఇంటి వద్ద ఉంటున్న విద్యార్థి మధురైలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైనులో దాఖలు చేయడానికి 2020 సెప్టెంబరులో ఈ-దాఖిల్ అనే వసతి వచ్చింది. 2025 నుండి ఈ-జాగృతి అనే వసతి ఉంది.

మన ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం. నాయకరాజుల కాలం నుండి మధురైలో ఉన్నవారమైనా, కోయంబత్తూరు మిల్లుల చుట్టూ పెరిగినవారమైనా మన పిల్లలు బడిలో చదివింది తమిళమో ఇంగ్లీషో. ఇది అడ్డంకి కాదు. ఫిర్యాదు తమిళంలోనో ఇంగ్లీషులోనో వ్రాయండి. పెద్దవాళ్ళు తెలుగులో చెబితే పిల్లలు వ్రాసిపెట్టవచ్చు. పెద్ద పెద్ద మాటలు అక్కరలేదు. తేదీల వరుసలో జరిగినది చెప్పి, కోరేది స్పష్టంగా వ్రాసి, ప్రమాణపత్రం, కాగితాల నకళ్ళు జత చేస్తే చాలు.

గడువు మరువవద్దు. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుండి రెండు సంవత్సరాలలోపు దాఖలు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కాని దాన్ని నమ్ముకోకూడదు. ఆలస్యం అమృతం విషం.

దాఖలు చేసిన తరువాత

సాధారణంగా 21 రోజులలో ఫిర్యాదును స్వీకరించాలా లేదా అన్నది తేలుస్తారు. స్వీకరిస్తే ఎదుటివారికి నోటీసు వెళ్తుంది. జవాబుకు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15 రోజులు. రాజీకి అవకాశం ఉంటే ఇరువురి సమ్మతితో మధ్యవర్తిత్వానికి పంపవచ్చు. మూడు నెలలలో, వస్తువును పరీక్షకు పంపవలసి వస్తే ఐదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాస్తవంలో అంతకన్నా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఓపిక కావాలి.

తీర్పు నచ్చనివారు 45 రోజులలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. డబ్బు కట్టమని తీర్పు వచ్చినవారు అప్పీలు చేయాలంటే అందులో సగం ముందుగా జమ చేయాలి. తీర్పును పాటించకపోతే ఒక నెల నుండి మూడేళ్ళ వరకు జైలు గాని, 25,000 నుండి లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

ఆ అమ్మాయి విషయం ఏమైందంటే, 2023 ఆగస్టులో పంపిన ఉత్తరానికి జవాబు రాలేదు. హెల్ప్‌లైనుకు చెప్పినా అంగడివారు కదలలేదు. అక్టోబరులో జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలైంది. నోటీసు అందిన తరువాత యజమానే ఫోను చేశారు. 2024 ఫిబ్రవరిలో 12,000 రూపాయలకు రాజీ కుదిరింది. చేతి ఖర్చు అంతా వచ్చింది, పైన 110 రూపాయలు. రాజీని కాగితం మీద పెట్టి, డబ్బు ఖాతాలో పడిన తరువాతే ఫిర్యాదును ముగించారు. ఫైళ్ళు మాత్రం రాలేదు. గైడు దగ్గర ఉన్న పాత ముద్రిత ప్రతిని చూసి ఆ అమ్మాయి ప్రాజెక్టు మొత్తం మళ్ళీ టైపు చేసింది. పరిహారం డబ్బును తిరిగి తేగలదు, పోయిన పనిని తేలేదు.

రిపేరుకు ఇచ్చే ముందు

అందుకే ఈ జాగ్రత్తలను కత్తిరించి ఇంట్లో గోడకు అంటించుకోండి.

1. వీలైతే ముందుగా ఫైళ్ళను పెన్‌డ్రైవుకో, ఇంకో చోటికో కాపీ చేయండి. యంత్రం ఆన్ కాకపోతే డిస్కు విప్పి కాపీ తీయగలరా అని అడగండి.

2. వారంటీ ఉందేమో చూడండి. ఉంటే బయటి అంగడిలో విప్పించవద్దు. కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో అందులో చేరిన కంపెనీల సర్వీసు వివరాలు దొరుకుతాయి.

3. యంత్రం సీరియల్ నంబరు, ర్యామ్, డిస్కు వివరాలు వ్రాసి పెట్టుకోండి. ఫోటో తీసుకోండి.

4. జాబ్ కార్డు లేకుండా యంత్రం ఇవ్వవద్దు. లోపం ఏమిటి, పరిశీలన చార్జీ ఎంత, అంచనా ఎంత, ఎప్పుడు ఇస్తారు అన్నవి అందులో ఉండాలి.

5. ఖరీదైన భాగం మార్చాలన్నప్పుడు "ఏ పరీక్షలు చేశారు?" అని అడగండి. కొత్త యంత్రం ధరలో మూడో వంతు మించితే రెండో అంగడిలో చూపండి.

6. మార్చిన భాగాన్ని తిరిగి అడగండి. కొత్త భాగం నంబరు, దాని వారంటీ బిల్లులో వ్రాయించండి.

7. "డేటాకు మేము బాధ్యులము కాము" అని కార్డు మీద అచ్చు వేసి ఉంటే, దాని పక్కనే "అనుమతి లేకుండా ఫార్మాట్ చేయరాదు" అని వ్రాసి సంతకం చేయించుకోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పదివేల రూపాయలు పెద్ద వ్యాపారికి చిన్న మొత్తం కావచ్చు. మన పిల్లలలో చాలామందికి అది ఒక సెమిస్టరు ఫీజులో పెద్ద భాగం. అడగడం జగడం కాదు. మర్యాదగా, కాగితంతో, గడువులోపల అడగడం మన హక్కు. విద్యార్థులారా, మీ ఇంట్లో తల్లికో తండ్రికో ఈ ఉత్తరం వ్రాయడం రాకపోతే మీరు కూర్చుని వ్రాసిపెట్టండి. చదువుకున్నందుకు ఇంటికి జరిగే మొదటి మేలు అదే కావచ్చు. నమూనా ఉత్తరం కావలసినవారు తమ కాగితాలతో మన ట్రస్టు ఆఫీసుకు వస్తే చూసి సాయపడగలము.